వెనక గది గోడ

నున్నన్నకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది బ్యాంకు కాగితాల్లో తప్ప ఎక్కడా పనికి రాలేదు. గోడకు పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అరచేయి ఆనిస్తే జారిపోయేంత నునుపుగా తీస్తాడు కాబట్టి తోటి పనివాళ్లు నున్నన్న అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అలాగే పిలుస్తుంది.

ముప్పై ఏళ్లుగా ఇళ్లకు రంగులు వేయడమే అతని పని. ఊళ్లో పెయింటర్లకేం కొదవ లేదు. నున్నన్న కంటే చవకగా చేసేవాళ్లున్నారు, చురుగ్గా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఎవరైనా ఇల్లు అమ్మకానికి పెట్టాలనుకుంటే మాత్రం ముందు నున్నన్నకే కబురు పంపేవారు. ఎంత పాత కొంపయినా ఒక వారం అతని చేతికి అప్పగిస్తే చాలు, చూడవచ్చినవాళ్లు గుమ్మంలోనే మెత్తబడిపోయేవారు. చెమ్మ మరకలు మాయం. బీటలు మాయం. కొన్నవాళ్లు సామాను దించుకుని, కొన్ని వానాకాలాలు గడిపాక గానీ ఆ బీట మళ్లీ మొహం చూపించేది కాదు. అప్పటికి అమ్మినవాడు చేతులు దులుపుకుని ఎక్కడో హాయిగా ఉండేవాడు. నున్నన్న ఇంకో ఇంట్లో నిచ్చెన మీద ఉండేవాడు.

బీటలు కప్పడంలో అతనిది సొంత పద్ధతి. మందుల దుకాణంలో బ్యాండేజీ గుడ్డ చుట్ట కొనేవాడు. దాన్ని రెండు వేళ్ల వెడల్పున చీల్చి, బంకలో ముంచి, బీట పొడవునా అతికించి, దాని మీద పుట్టీ పెట్టేవాడు. గోడ కొంచెం కదిలినా గుడ్డ పట్టి ఉంచుతుంది, పైపూత పగలదు. ఈ కిటుకు అతనికి ఎవరూ నేర్పలేదు, అతను కూడా ఎవరికీ చెప్పలేదు. “దెబ్బ తగిలితే మనిషికి కట్టు కట్టరా? గోడకు కడితే తప్పేంటి?” అనేవాడు. మనిషికి కట్టు కట్టే ముందు గాయం కడుగుతారన్న సంగతి అతనికి ఎవరూ గుర్తు చేయలేదు.

ఇది మోసం కాదా అని అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. నాకు చెప్పింది రంగు వేయమని, ఇల్లు అమ్మమని కాదు కదా అనేవాడు. అతను చెడ్డవాడని నేననను. గోడ మీద బీట కనిపిస్తే అతని చేయి ఊరుకోదు, అంతే. చేయి చేసే పని గురించి బుర్ర ఎక్కువగా ఆలోచించకపోవడం అతనొక్కడికే ఉన్న జబ్బు కూడా కాదు.

ఇన్ని ఇళ్లను నున్నగా చేసినవాడికి సొంత ఇల్లు మాత్రం లేదు. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో పదిహేడు అద్దె ఇళ్లు మారారు. భార్య బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట పని చేసేది, ఇంటి దగ్గర కూడా మిషను పెట్టుకుని కుట్టేది. ఆ మిషను పదిహేడుసార్లు బండెక్కింది, పదిహేడుసార్లు దిగింది. దాని చక్రం ఏ ఇంట్లో వంకర పోయిందో, పెడలు ఏ మెట్ల మీద విరిగిందో ఆమెకు వరసగా గుర్తు. పదిహేడో ఇంటి యజమాని తమ్ముడు వచ్చి ఉంటాడని చెప్పి, నాలుగు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు.

“చూడు నున్నన్నా, పద్దెనిమిదో అద్దెకొంపకు నేను రాను. సొంతమైతే వస్తా. లేకపోతే నువ్వొక్కడివే పో” అంది.

“సొంతిల్లంటే సంతలో దొరుకుతుందా?”

“దొరకదు. అందుకే కాగితం తెచ్చా” అని ఒక కరపత్రం అతని ముందు పడేసింది.

ప్రభుత్వం పూచీ పడే గ్రామీణ గృహరుణం అని దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది. మామూలు రుణం కోసం వాళ్లు అంతకు ముందు రెండు బ్యాంకులు ఎక్కి దిగారు. ఇంటి ధరలో అయిదో వంతు ముందుగా చేతిలో పెట్టమన్నారు. అంత సొమ్ము ఉన్నవాడు బ్యాంకు దాకా ఎందుకు వెళతాడో నున్నన్నకు అర్థం కాలేదు. ఈ పథకంలో ఆ బాధ లేదు. కొన్నవాళ్లు కట్టలేకపోతే బ్యాంకుకు ప్రభుత్వం జవాబు చెబుతుంది, కాబట్టి ముందు ఏమీ పెట్టక్కర్లేదు. బదులుగా నాలుగు షరతులు పెట్టారు. ఇల్లు పల్లె హద్దులో ఉండాలి. ఇంటిల్లిపాది సంపాదనా ఒక గీత దాటకూడదు. కొన్నవాళ్లే అందులో కాపురం ఉండాలి. ఇల్లు పొడిగా, గట్టిగా, మనుషులు ఉండదగ్గట్టు ఉందని తనిఖీలో తేలాలి.

సంపాదన గీత దాటడం గురించి వాళ్లు బెంగ పెట్టుకోలేదు. ఆ గీత దరిదాపులకు వాళ్లెప్పుడూ వెళ్లలేదు. మిగిలిన కాగితాలకు మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. పదిహేడు ఇళ్లలో చివరి అయిదింటి అద్దె రసీదులు కావాలన్నారు. రుణాల గుమస్తా మంచివాడే గానీ, ఒక కాగితం తెస్తే దాన్ని చూసి ఇంకో కాగితం గుర్తుకు తెచ్చుకునే మనిషి. అతను కంప్యూటరు తెర ఇటు తిప్పి మ్యాపు చూపించాడు. హద్దు నది మధ్యలోంచి పోతోంది. వంతెన ఇవతల ఉంటే పట్నం, అవతల ఉంటే పల్లె. రెండు వైపులా తిరిగేది ఒకటే బస్సు, లేచేది ఒకటే దుమ్ము.

“అవతల చూసుకోండి. ఇవతల మీరు రాజమహల్ చూసినా నేను ఫైలు కదపలేను” అన్నాడు గుమస్తా.

వంతెన అవతల ఒకే వరసలో ఒకేలా కట్టిన అయిదు ఇళ్లున్నాయి. వాటిలో మూడోది ఒక రిటైరయిన నర్సుది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. మోకాళ్లు అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత చెల్లెలి దగ్గర ఉండిపోవాలని ఇల్లు అమ్మకానికి పెట్టింది. ముందు రెండు గదులు, వంటగది, వెనక కిటికీ ఉన్న మరో గది, కొళాయి, ఒక పక్కన మిషను పెట్టుకోవడానికి సరిపోయే వరండా. ధర కూడా రుణానికి లోబడే ఉంది. వరండాలోకి వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో చూసిన క్షణంలోనే నున్నన్న భార్య లోపల్లోపల ఆ ఇంట్లో కాపురం పెట్టేసింది.

“ఈ ఇల్లెక్కడో చూసినట్టుందే” అన్నాడు నున్నన్న, గోడలు తడుముతూ.

“నీకు ఏ ఇల్లు చూసినా అలాగే ఉంటుంది” అంది భార్య. అదీ నిజమే కాబట్టి అతను ఇంక ఆలోచించలేదు.

గోడౌను కోసం చూస్తున్న ఒక ఎరువుల వ్యాపారి అప్పటికే డబ్బు సంచీతో తిరుగుతున్నాడు. నర్సమ్మగారికి ఆ మనిషి నచ్చలేదు. ఇల్లు ఇల్లులాగే ఉండాలని ఆమె కోరిక. రెండు నెలలు గడువిచ్చింది. ఈలోగా రుణం మంజూరైతే వీళ్లకే, లేకపోతే గోడౌనుకే.

ఇక్కడ నున్నన్న ఒక తెలివి తక్కువ పని చేశాడు. తాపీ మేస్త్రి అయితే ఆ పని చేయడు. కరెంటు పనివాడు చేయడు. పెయింటరే చేయాలి, అందులోనూ నున్నన్నే చేయాలి. తనిఖీకి ఇంకా వారం ఉందనగా, పరీక్షకు వెళ్లే పిల్లాడికి ఇస్త్రీ చొక్కా తొడిగినట్టు, ఇల్లంతటికీ కొత్త రంగు వేస్తానని బయల్దేరాడు.

“ఇంకా మనది కాని ఇంటికి రంగేంటయ్యా?” అంది భార్య.

“నీకు తెలీదు. లోపలికి రాగానే కళ్లకు బావుండాలి. నా సర్వీసులో నేను ముస్తాబు చేసిన ఇల్లు బేరం తప్పిపోవడం చూశావా?”

నర్సమ్మగారు కూడా కాదనలేదు. “ఎలాగూ నీదయ్యే ఇల్లే కదా నాయనా, నీ సరదా నువ్వు తీర్చుకో” అని తన సామాను ముందు గదిలోకి జరుపుకుంది. నున్నన్న సొంత రంగు, సొంత పుట్టీ తెచ్చి అయిదు రోజులు మనసు పెట్టి పని చేశాడు. వెనక గదిలో బీరువా జరిపితే కిటికీ మూల నుంచి నేల దాకా వెంట్రుకవాసి బీట ఒకటి కనిపించింది. చేయి ఊరుకోలేదు. బ్యాండేజీ గుడ్డ, బంక, పుట్టీ, రెండు కోట్లు. సాయంత్రానికి ఆ గోడ అద్దంలా తయారైంది. ఇల్లు కొనేది తనేనన్న సంగతి ఆ అయిదు రోజుల్లో ఒక్కసారి కూడా అతని చేతికి గుర్తు రాలేదు.

తనిఖీకి వచ్చింది ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. చేతిలో టార్చిలైటు, చెమ్మ చూసే చిన్న మీటరు, చంకలో అట్ట. గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కు ఎగబీల్చింది.

“రంగు ఎప్పుడు వేశారు?”

“నిన్నటితో అయిపోయింది మేడమ్” అన్నాడు నున్నన్న గర్వంగా.

“ఎవరు వేశారు?”

“నేనే మేడమ్. ముప్పై ఏళ్ల సర్వీసు.”

ఆమె గదులన్నీ తిరిగింది. పైకప్పు చూసింది, కొళాయి తిప్పింది, స్విచ్చులు వేసి ఆర్పింది. గోడల దగ్గరికి వచ్చేసరికి కలం మూత పెట్టేసింది.

“నేను గోడలు చూడటానికొచ్చానండీ. మీరు రంగు చూపిస్తున్నారు.”

“గోడలకేం మేడమ్, నిక్షేపంలా ఉన్నాయి.”

“ఉండొచ్చు. నలభై ఏళ్ల ఇల్లు. ఈ కొత్త రంగు కింద ఏముందో నాకు తెలీదు. తెలీనిదానికి ప్రభుత్వం చేత పూచీ ఎలా పెట్టించమంటారు?” అని, కాస్త ఆగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “కొనేది మీరే కదా? మరి ఎవరికి కనపడకుండా కప్పారు?”

నున్నన్న తను వేసిన రంగు వైపు చూశాడు. ముప్పై ఏళ్లలో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు.

బయటి గోడలకు లోపలి వైపు రంగు, పుట్టీ మొత్తం గీకేసి, ఉత్త గోడ చూపిస్తే పది రోజుల తర్వాత మళ్లీ వస్తానంది. వేసిన రంగును తీయడం అతను ఎన్నోసార్లు చేశాడు గానీ, నిన్న వేసిన సొంత రంగును ఇవాళ గీకడం అదే మొదలు. వీపు నొప్పి కంటే సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. భార్య పని నుంచి నేరుగా వచ్చి ముక్కుకు గుడ్డ కట్టుకుని తనూ ఒక గోడ గీకింది. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పితేనే బావుండుననిపించింది అతనికి.

నాలుగో రోజు అతనొక్కడే వెనక గది గోడ మొదలుపెట్టాడు. కొత్త గుడ్డ పట్టుకుని లాగితే చర్మంలా ఊడి వచ్చింది. దాని కింద నర్సమ్మగారు ఎప్పుడో వేయించిన లేత ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద తెలుపు, తెలుపు కింద పాత పుట్టీ. బ్లేడు పెట్టి ఆ పుట్టీ లేపేసరికి కొసన ఏదో పీచులా వేలాడింది. పట్టుకుని లాగాడు. రెండు వేళ్ల వెడల్పున చీల్చి, బంకలో ముంచి అతికించిన బ్యాండేజీ గుడ్డ. పసుపు రంగుకు తిరిగింది గానీ ఎక్కడా చిరగలేదు. దాని వెనక బీట మాత్రం చూపుడు వేలు దూరేంత ఉంది. గోడ లోపల తడి.

ఈ పద్ధతి ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ల కిందట ఒక దళారి ఈ అయిదు ఇళ్లనూ ఒకేసారి కొని, పనివాళ్లను వ్యానులో దించి, నెల రోజుల్లో అన్నీ ముస్తాబు చేయించి అమ్మేశాడు. అప్పుడు ఈ వరండా లేదు. రోజూ తెల్లవారి వ్యానెక్కడం, చీకటి పడ్డాక దిగడం. ఏ ఇల్లు ఎవరు కొన్నారో నున్నన్నకు పట్టలేదు. తను కట్టిన కట్టు అంత గట్టిగా నిలవబట్టే, పన్నెండేళ్లు ఆ బీట పైకి వెంట్రుకవాసి కంటే ఎక్కువ కనపడకుండా లోపల నింపాదిగా పెరిగింది. ఆ గుడ్డను మడిచి జేబులో పెట్టుకుని, బ్లేడు పక్కన పడేసి, దుమ్ములోనే కూర్చుండిపోయాడు.

ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. ఆమె గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టింది.

“ఇప్పుడు చెబితే ఏమవుతుంది?” అంది.

“ఆవిడకు తెలుస్తుంది.”

“మనకు ఇల్లు పోతుంది. ఆమాట చెప్పవేం? బీట ఎలాగూ బయటపడింది. తనిఖీ అమ్మాయి చూస్తుంది, బాగు చేయించమంటుంది. ఎవరు కప్పారో ఆ కాగితాల్లో ఎక్కడా అడగరు. నోరు మూసుకో.”

“అది కాదే...”

“ఏది కాదు? ఇరవై తొమ్మిదేళ్లు పరాయి గోడలకు మేకు కొట్టాలన్నా అడిగి కొట్టాను. చెప్పకు.”

ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు. నున్నన్నకు కూడా రాలేదు.

తనిఖీ అమ్మాయి చెప్పిన రోజుకే వచ్చింది. బీటలో స్కేలు పెట్టి కొలిచింది. మీటరు ఆనిస్తే చెమ్మ మోకాలి ఎత్తు దాకా చూపించింది. పెరట్లోకి వెళ్లి చూస్తే పైకప్పు నీళ్లు దించే గొట్టం సగంలోనే ఆగిపోయి ఉంది. ఇన్నేళ్ల వాననీరూ సరిగ్గా ఆ మూల పునాదిలోకే దిగింది. పునాది పక్కన తవ్వి గట్టి చేయాలి, కాలువ తీయాలి, గొట్టం పొడిగించాలి, గోడ బీటను ఇనప కడ్డీలతో కుట్టి మళ్లీ పూత పూయాలి. ఇది అమ్మేవాళ్ల బాధ్యత. నెల రోజుల్లో కాకపోతే ఫైలు మూసేస్తారు. ఆ అమ్మాయి ఇదంతా విసుగు లేకుండా రెండుసార్లు చెప్పింది.

నర్సమ్మగారు కుర్చీలో కూర్చుని విన్నది. వెంటనే లెక్క చెప్పేసింది. “మోకాళ్ల కోసం దాచింది ఉందిగా. ఆపరేషన్ వచ్చే ఏడు చేయించుకుంటా. ఇన్నాళ్లు ఈడ్చినవి ఇంకో ఏడాది ఈడ్చవా ఏంటి?” అని నవ్వి, నున్నన్న వైపు తిరిగి, “నువ్వేం బెంగ పెట్టుకోకు నాయనా. ఇల్లు నీకే” అంది.

నున్నన్న ఇంటికెళ్లాడు. అన్నం ముందు కూర్చున్నాడు, లేచాడు. మర్నాడు పనికి వెళ్లి ఒకే గోడకు మూడు కోట్లు వేశాడు. ఆ మధ్యాహ్నం భార్యకు చెప్పకుండా వంతెన దాటాడు.

నర్సమ్మగారు అట్టపెట్టెల మధ్య కూర్చుని పాత కాగితాలు చింపుతోంది. అతను జేబులోంచి గుడ్డ తీసి ఆమె ఒళ్లో ఉన్న కాగితాల మీద పెట్టాడు.

“ఇది మా బ్యాండేజీ గుడ్డ కదూ?” అంది ఆమె. “ఎక్కడిది?”

“మీ వెనక గది గోడలోదమ్మా. పాత పుట్టీ కింద ఉంది.”

“గోడకు కట్టు కట్టిన మొనగాడెవడు?”

“నేనేనమ్మా. పన్నెండేళ్ల కిందట. దళారి కట్టమంటే కట్టాను. ఈ ఇల్లేనని నాకు మొన్నటిదాకా తెలీదు. ఆ బీట కనిపించి ఉంటే మీరు అప్పుడే ధర తగ్గించమనేవారు, లేదా కొనేవారు కాదు. ఇప్పుడు దానికి మీరు డబ్బు పెడతానంటుంటే నేను వింటూ నించున్నాను.”

నర్సమ్మగారు కాగితాలు పక్కన పెట్టింది. గుడ్డను వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది.

“ఆ గదిలో మా అమ్మ ఉండేది” అంది చివరికి. “కిటికీ ఉంది, గాలి బాగా వస్తుందని నేనే అక్కడ మంచం వేశాను. తలవైపు ఆ గోడకే. మూడేళ్లు దగ్గింది. మందులు మార్చాను, డాక్టర్లను మార్చాను. గదిలో ఏదో వాసన వస్తోందే అని అమ్మ అంటే, నది పక్క ఇల్లు కదా అన్నాను. ముప్పై అయిదేళ్లు ఆసుపత్రిలో చేసినదాన్ని. అన్నీ మార్చాను గానీ మంచం మార్చలేదు.”

నున్నన్న వెనక గది గుమ్మం వైపు చూశాడు.

“ఆ చెమ్మ వల్లే పోయిందని నేననను. ముసలి మనిషి, ఎలాగైనా పోయేదేమో. కాదని కూడా అనలేను” అంది. ఆ తర్వాత గొంతు మారకుండానే, “నువ్వు వెళ్లు నాయనా. ఇప్పుడు నిన్ను చూడలేను” అంది.

ఇంటికి వచ్చి చేసింది చెప్పాడు. భార్య కత్తెర కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. మాట్లాడటం మానేసింది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరే మనిషి మాట మానేస్తే ఆ ఇంట్లో గాలి కూడా ఆడదు. మూడో రోజున బస్సులోంచి చూస్తే ఎరువుల వ్యాపారి నర్సమ్మగారి గుమ్మంలో నించుని ఇల్లంతా పైనుంచి కింది దాకా చూస్తున్నాడు. నున్నన్న ఆ సంగతి భార్యకు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆమె కూడా అదే బస్సులో వస్తుంది.

అయిదో రోజు నర్సమ్మగారి నుంచి ఫోను వచ్చింది, ఇద్దరినీ రమ్మని.

ఆమె వాళ్లను కూర్చోమనలేదు. “గోడౌను ఆయన బీట సంగతి విని కూడా కొంటానన్నాడు. మూటలు వేయడానికి బీటైతే ఏంటన్నాడు. వద్దన్నాను. వేరేవాళ్లకు అమ్ముదామా అనుకున్నాను. వాళ్లకు నేను చెబుతాను, వింటారు. రేపు వాళ్లు ఇంకొకరికి అమ్మేటప్పుడు నీలాంటివాణ్ణి పిలిచి మళ్లీ కట్టు కట్టిస్తారు. ఎవరి అమ్మకో అక్కడే మంచం వేస్తారు. అందుకని నీకే అమ్ముతాను.”

నున్నన్న భార్య కొంగు బిగించి పట్టుకుంది.

“బాగు చేయించే ఖర్చులో నేను పైసా పెట్టను. కాగితాల మీద నా పేరుంటుంది, పని నీది, ఖర్చు నీది. ఇంకొకటి. ఆ గదిని సామాన్ల గది చేయడానికి వీల్లేదు. మీరిద్దరూ అందులోనే పడుకోవాలి.”

నున్నన్న నోరు తెరిచేలోగా భార్య అంది, “పడుకుంటామమ్మా.” అయిదు రోజుల తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

భార్య చెవుల కమ్మలు రెండూ తాకట్టుకు వెళ్లాయి. తెలిసిన తాపీ మేస్త్రిని పిలిచారు. కూలీలను పెట్టుకునే స్తోమత లేక నున్నన్నే తవ్వాడు. మనిషి నడుము లోతున గోతిలో దిగి పునాది రాళ్ల మధ్య బురద చేత్తో తీశాడు. ఇన్నేళ్లూ గోడను పైనుంచే చూసినవాడు, అది దేని మీద నిలబడుతుందో మొదటిసారి చూశాడు. మేస్త్రి ఇనప కడ్డీలు అడ్డంగా వేసి బీట కుట్టాడు. కాలువ తీశారు, గొట్టం దాని దాకా దించారు. భార్య సెలవు పెట్టి ఇసుక జల్లించింది. రెండో రోజు నుంచి తిట్టడం మొదలుపెట్టింది. నున్నన్నకు ప్రాణం లేచి వచ్చింది.

పూత ఆరడానికి ఆగి, తనిఖీ అమ్మాయికి కబురు చేశారు. ఆమె వచ్చి గోడ చూసి, “ఈసారి రంగు వేయలేదే?” అంది.

“మీరు చూశాక వేస్తాను మేడమ్” అన్నాడు నున్నన్న.

మీటరు ఆనించింది. మూడు చోట్ల చూసింది. కలం మూత తీసింది.

ఫైలు బ్యాంకుకు వెళ్లింది. గుమస్తాకు ఇంకో రెండు కాగితాలు గుర్తొచ్చాయి, అవి కూడా ఇచ్చారు. అద్దె ఇంటి గడువు ఇంకా పదకొండు రోజులుందనగా మంజూరు పత్రం చేతికొచ్చింది. నున్నన్న ఇప్పటికీ పెయింటరే. ఇళ్లు అమ్మేవాళ్లు పిలిస్తే వెళతాడు, పొట్ట ఉంది కదా. కానీ బీట కనిపిస్తే ముందు మేస్త్రిని పిలవండి, తర్వాత నన్ను పిలవండి అంటాడు. సగం మంది ఇంక పిలవరు. ఈ విషయంలో అతనికేదో జ్ఞానోదయం అయిందని వాళ్లూ వీళ్లూ వెక్కిరిస్తారు గానీ, అలాంటిదేమీ లేదు. బీట చూస్తే ఇప్పుడు చేయి ముందుకు వెళ్లదు, అంతే.

తాళం ఇచ్చే రోజున నర్సమ్మగారు చెల్లెలితో కలిసి కారులో వచ్చింది. సామాను అంతా పోయి ఇల్లు ఖాళీగా ఉంది. కర్ర ఊతంగా నేరుగా వెనక గదిలోకి నడిచింది. ఆ మూల దగ్గర ఆగి, జ్వరం చూసేటప్పుడు పెట్టినట్టు, చేతి వెనక వైపు గోడకు ఆనించింది. ముందు పైన, తర్వాత వంగగలిగినంత వంగి కింద.

“పొడిగా ఉంది” అంది.

“అవునమ్మా” అన్నాడు నున్నన్న.

“మొత్తం ఎన్ని రోజులు పట్టింది?”

“తొమ్మిది రోజులమ్మా.”

“తొమ్మిది రోజులు” అంది ఆమె. చేయి ఇంకా గోడ మీదే ఉంది. “తొమ్మిది రోజుల పని.”

చేయి దించి, బయటికి వచ్చి తాళంచెవి నున్నన్న భార్య చేతిలో పెట్టి, ఆమె భుజం ఒకసారి నొక్కి, కారెక్కి వెళ్లిపోయింది. భార్య తాళంచెవి పట్టుకుని లోపలికి వచ్చేసరికి నున్నన్న ఆ గది నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆమె వద్దనలేదు. అతని పక్కనే కూర్చుంది.